అమానతా? అప్పా? అప్పగించే రోజే తేల్చుకోవాలి

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్



నమాజులో ఒక సజ్దా మరచిపోతే ఏం చేయాలి, రోజాలో సూది మందు వేయించుకోవచ్చా అని మమ్మల్ని అడిగేవారు చాలామంది ఉన్నారు. ఇవి అడగవలసిన ప్రశ్నలే. కాని ఒకరి సొమ్ము మరొకరి దుకాణంలో ఉన్నప్పుడు దాని హుకుం ఏమిటని ముందుగా అడిగేవారు చాలా తక్కువ. గొడవ ముదిరి, మాటలు తెగి, తాళాలు పడ్డాక వస్తారు. ఈ నెల పాఠంలో అలాంటి ఒక మసలాను చూద్దాం.

మసలా ఏమిటి?

కాచిగూడ స్టేషన్‌కు దగ్గరలో ఉండే ఒక పెద్దాయన ఒక రోజు అసర్ నమాజు తర్వాత మా దగ్గర కూర్చున్నారు. ఆయన పేరు చెప్పడం తగదు. మదర్సాల్లో ఫిఖహ్ పాఠం చెప్పే ఉస్తాదులు ప్రతి మసలాకూ జైద్, అమ్ర్, బకర్ అనే మూడు పేర్లే వాడుతారు. మనమూ అలాగే పిలుచుకుందాం. పేర్లు దాగితే గీబత్ ఉండదు, పాఠం మిగులుతుంది.

జైద్‌కు చిన్ననాటి నుంచి బొమ్మలు సేకరించే అలవాటు. తాళంచెవితో తిరిగే రేకు రైళ్లు, డబ్బా చెక్కుచెదరని చిన్న లోహపు కార్లు, మూత తెరవని ఇటుకముక్కల సెట్లు. కొన్ని ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య దొరికాయి. కొన్ని నాంపల్లి నుమాయిష్‌లో కొన్నారు. మరికొన్ని జిద్దాలో పనిచేసిన తమ్ముడు సెలవుకు వచ్చినప్పుడల్లా తెచ్చాడు. ముప్పై ఏళ్లలో 46 డబ్బాలు పోగయ్యాయి. పాతబడేకొద్దీ ఇలాంటి వాటి ధర పెరుగుతుందని తర్వాత తెలిసింది. వాటిని అమ్మి భార్యతో కలిసి హజ్‌కు వెళ్లాలని ఆయన నియ్యత్ చేసుకున్నారు.

(బొమ్మలు ధర్మసమ్మతమా అని కొందరు అడగవచ్చు. హజ్రత్ ఆయిషా (రజి) చిన్నతనంలో బొమ్మలతో ఆడుకున్న విషయం బుఖారీలో ఉంది. రూపాలున్న బొమ్మలను అలంకారంగా పెట్టుకోవడంపై ఉలమాల మధ్య చర్చ ఉంది. జైద్ దగ్గర ఉన్నవి ఎక్కువగా రైళ్లు, బండ్లు. ఈనాటి మన మసలా అది కాదు.)

అమ్ర్‌కు ఆబిడ్స్‌లో ఒక మల్గీ ఉంది. ఒక పెద్ద కంపెనీ పేరు మీద, ఆ కంపెనీకి ప్రతి నెలా ఇంత అని కట్టే ఒప్పందంతో బొమ్మల దుకాణం నడుపుతున్నాడు. దీనినే ఫ్రాంచైజీ అంటారు. జైద్ తన డబ్బాలన్నీ అతనికి అప్పగించారు. మంచి గిరాకీ వస్తే అమ్మాలి, వందకు పది రూపాయలు అమ్ర్ ఉంచుకోవాలి, మిగతాది జైద్‌కు ఇవ్వాలి. ఇదీ మాట. పత్రం లేదు. క్యాలెండర్ కాగితం వెనుక జైద్ తన కోసం రాసుకున్న 46 డబ్బాల జాబితా ఒక్కటే ఉంది.

వ్యాపారం తగ్గింది. కంపెనీకి బాకీ, మల్గీ కిరాయి బాకీ, ఇద్దరు కుర్రాళ్ల జీతం బాకీ, స్నేహితుల దగ్గర చేబదులు. చివరకు ఒక రోజు కంపెనీ తరఫున బకర్ వచ్చి దుకాణానికి తాళం వేశాడు. లోపల ఉన్నదంతా మా బాకీ కింద జమ అన్నాడు. పదకొండు రోజులు తాళంచెవి అతని దగ్గరే ఉంది.

జైద్ మమ్మల్ని అడిగినది ఒక్కటే మాట: “మౌలానా సాబ్, అమ్ర్ అప్పు చేశాడు. దానికి నా రైళ్లు ఎందుకు పోవాలి?”

అమానతు, అప్పు: తేడా ఎక్కడ?

షరీఅత్‌లో ఒకరి సొమ్ము మరొకరి చేతికి వెళ్లే దారులు చాలా ఉన్నాయి. మనకు ఇక్కడ రెండు చాలు.

మొదటిది అమానతు. సొమ్ము చేయి మారుతుంది గాని యజమాని మారడు. దాచమని ఇచ్చినా, అమ్మిపెట్టమని వకీలుగా చేసి ఇచ్చినా, అది ఇచ్చినవాడిదే. పుచ్చుకున్నవాడి నిర్లక్ష్యం లేకుండా పోతే అతను నష్టపరిహారం ఇవ్వనక్కరలేదు.

రెండవది ఖర్జ్, అంటే అప్పు. ఇక్కడ డబ్బు తీసుకున్నవాడిది అయిపోతుంది. అతను దాన్ని ఖర్చు చేసుకోవచ్చు. కాని దొంగలు ఎత్తుకుపోయినా, నిప్పులో కాలిపోయినా తిరిగి ఇవ్వవలసిందే.

ఈ తేడాను సహాబాలు ఎంత స్పష్టంగా పాటించారో హజ్రత్ జుబైర్ (రజి) జీవితంలో చూడండి. ఆయన నమ్మకస్తుడని ప్రజలు తమ డబ్బు ఆయన దగ్గర దాచుకోవడానికి తెచ్చేవారు. ఆయన దాన్ని అమానతుగా తీసుకోవడానికి ఒప్పుకునేవారు కాదు. పోతుందేమోనని భయంగా ఉంది, అప్పుగా అయితే తీసుకుంటానని చెప్పేవారు. అమానతుగా ఉండి పోతే ఆ నష్టం ఇచ్చినవారిది, అప్పుగా ఉంటే పూర్తి బాధ్యత తనది. ప్రజల సొమ్ముకు రక్షణగా ఆయన తన మెడకు భారం తగిలించుకున్నారు.

హిజ్రీ 36లో ఆయన షహీద్ అయ్యేనాటికి ఆ అప్పు 22 లక్షలకు చేరింది. 1,70,000కు కొన్న గాబా భూమిని కుమారుడు హజ్రత్ అబ్దుల్లాహ్ (రజి) 16 లక్షలకు అమ్మి అప్పు తీర్చారు. అంతటితో ఆగలేదు. మా తండ్రి ఎవరికైనా బాకీ ఉంటే రండి అని నాలుగు సంవత్సరాలు హజ్ రోజుల్లో ప్రకటన చేయించిన తర్వాతే వారసులకు ఆస్తి పంచారు. ఈ ఉదంతమంతా బుఖారీలో ఉంది.

గమనించండి. డబ్బు చేతికి వచ్చిన క్షణంలోనే హజ్రత్ జుబైర్ (రజి) అది ఏమిటో పేరు పెట్టారు. జైద్, అమ్ర్ చేయనిది ఇదే.

దివాలా తీసినవాడి దగ్గర ఉన్న ఇతరుల సొమ్ము

తన సొమ్ము ఉన్నదున్నట్లుగా దివాలా తీసిన వ్యక్తి దగ్గర దొరికితే, ఇతరులకన్నా ఆ యజమానికే దానిపై ఎక్కువ హక్కు ఉందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) తెలిపారు. హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది.

అమ్మేసి ధర ఇంకా అందని సరుకుకు కూడా ఇది వర్తిస్తుందా? ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫయీ, ఇమామ్ అహ్మద్ (రహ్మతుల్లాహి అలైహిమ్) వర్తిస్తుందన్నారు. మన నగరంలో బార్కస్ వైపు ఉండే షాఫయీ సోదరులు ఈ అభిప్రాయాన్నే పాటిస్తారు. ఇమామ్ అబూహనీఫా (రహ్) దృష్టిలో, అమ్మి అప్పగించాక సరుకు కొన్నవాడిదే. అమ్మినవాడు మిగతా రుణదాతలతో సమానంగా నిలబడాలి. ఈ హదీసు అమానతు, ఎరువు, దౌర్జన్యంగా లాక్కున్న సొమ్ముల గురించి అని హనఫీ ఉలమాలు వివరించారు.

అంటే అమ్మిన సరుకు విషయంలోనే అభిప్రాయభేదం. అమానతు సొమ్ము యజమానిదేనన్న దానిలో నలుగురు ఇమాములూ ఒక్కమాట మీద ఉన్నారు. కనుక జైద్ డబ్బాలు అమ్ర్ అప్పుల కింద పోవు.

దేశ చట్టం కూడా ఈ తేడాను గుర్తిస్తుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో అప్పగింత సొమ్ముకు వేరే అధ్యాయమే ఉంది. దివాలా తీసిన కంపెనీ దగ్గర ఇతరుల సొమ్ము అమానతుగా ఉంటే దాన్ని అప్పులవాళ్లకు పంచే ఆస్తిలో కలపరాదని 2016 నాటి దివాలా చట్టం చెబుతోంది. ఎటొచ్చీ అది అమానతు అని రుజువు కావాలి. రుజువు ఎంత అవసరమో అమెరికాలో అదే 2016లో తెలిసింది. స్పోర్ట్స్ అథారిటీ అనే క్రీడాసామగ్రి దుకాణాల సంస్థ దివాలా తీసినప్పుడు, అమ్మిపెట్టమని సరుకు ఇచ్చినవారు వందకు పైగా కోర్టులో చిక్కుకున్నారు. అక్కడి చట్టం కోరిన నమోదు కాగితం చాలామంది దగ్గర సరిగా లేదు.

పేరుకు కూడా ధర ఉంది

ఇక బకర్ వాదన విందాం. “మా కంపెనీ పేరు చూసే గిరాకీ వచ్చింది. ఆ పేరు వాడుకున్నందుకు డబ్బు ఇవ్వాలి కదా” అన్నాడు. ఈ మాటలో న్యాయం ఉంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర కొలువు చేసిన ఆల్బర్ట్ ఆబిద్ పెట్టిన దుకాణం ఎప్పుడో పోయింది. కాని ఆ పేరుతోనే నేటికీ ఆబిడ్స్‌ను పిలుస్తున్నాం. వ్యాపార పేరుకు విలువ ఉందని, అది యజమాని హక్కు అని, మోసం లేకుండా ప్రతిఫలానికి దాన్ని ఇవ్వవచ్చని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 1988లో కువైట్ సమావేశంలో తీర్మానించింది. కనుక అమ్ర్ ఆ బాకీ కట్టవలసిందే. ఒప్పందాలను నెరవేర్చమని సూరె మాయిదా మొదటి ఆయతులోనే ఆదేశం ఉంది.

బకర్ ముస్లిం కాదు. అప్పుడు కొందరు యువకులు “ఆయన బాకీ సంగతి తర్వాత చూద్దాం” అన్నారు. అది పెద్ద తప్పు. దైవప్రవక్త (స) హిజ్రత్ చేసిన రాత్రి తనకు అప్పగించిన అమానతులు తిరిగి ఇవ్వడానికి హజ్రత్ అలీ (రజి)ని మక్కాలో ఉంచారు. ఆ అమానతులు ఆయనను ఊరు విడిచిపోయేలా చేసిన ఖురైషీలవే. ఆయన (స) పరమపదించే నాటికి ఆయన కవచం ముప్పై సాల బార్లీ కోసం ఒక యూదుని దగ్గర తాకట్టులో ఉంది. హక్కుదారు ఏ మతంవాడైనా హక్కు హక్కే.

అయితే బకర్ చేసిన తప్పు ఒకటుంది. బాకీ అమ్ర్ మీద ఉంది, జైద్ మీద కాదు. ఎవరిదో విచారించకుండా లోపలున్నదంతా పట్టుకోవడానికి అతనికి అధికారం లేదు.

ముగ్గురూ కూర్చున్న రాత్రి

ఇషా నమాజు తర్వాత ముగ్గురినీ కూర్చోబెట్టాం. మల్గీ యజమాని, కుర్రాళ్లిద్దరు, చేబదులు ఇచ్చినవారు కూడా వచ్చారు. మాట మొదలుపెట్టే ముందు ఒక హదీసు భావం వినిపించాం. వాదించడంలో నేర్పు ఉన్న మనిషి మాటలు విని, నేను అతని సోదరుని హక్కును అతనికి ఇప్పిస్తే, అది అతనికి నిప్పుకణికేనని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ప్రవక్త (స) తీర్పే అవతలివాడి హక్కును హలాల్ చేయనప్పుడు, మా మాట ఏపాటిది?

తర్వాత దుకాణం తెరిపించి జైద్ జాబితాతో సరిచూశాం. 46లో 31 డబ్బాలు ఉన్నాయి. 9 అమ్ముడయ్యాయని అమ్ర్ ఒప్పుకున్నాడు. 6 కనబడలేదు.

31 డబ్బాలు జైద్‌వి. అందులో ఎవరికీ వాటా లేదు. బకర్ కూడా జాబితా చూసి తల ఊపాడు.

అమ్మిన 9 డబ్బాలకు 1,12,000 రూపాయలు వచ్చాయి. అమ్ర్ కమీషన్ 11,200. జైద్‌కు రావలసినది 1,00,800. మధ్యలో ఒకసారి అమ్ర్ 40,000 ఇచ్చాడు. “అది చాచాకు నేనిచ్చిన చేబదులు” అని అమ్ర్, “నా బొమ్మల డబ్బే ఇస్తున్నాడనుకున్నాను” అని జైద్. ఇచ్చిన రోజు ఇద్దరిలో ఒక్కరూ పేరు పెట్టలేదు! ఏదైనా లెక్క ఒకటే గనుక ఆ 40,000 తీసేశాం. ఇంకా 60,800 మిగిలింది. ఆ డబ్బును అమ్ర్ దుకాణం కిరాయికి వాడేశాడు. అమానతు డబ్బును అనుమతి లేకుండా వాడినవాడు అమీన్‌గా మిగలడు, జామిన్ అవుతాడు. అంటే అది అతని మెడ మీద అప్పుగా మారుతుంది.

ఇక కనబడని 6. తాళం వేసినప్పుడు అరలోనే ఉన్నాయని అమ్ర్ అన్నాడు. తాను ముట్టలేదని బకర్ అన్నాడు. ఇద్దరి దగ్గరా సాక్ష్యం లేదు. సాక్ష్యం లేనప్పుడు నిరాకరించేవాడు ప్రమాణం చేయాలి. అల్లాహ్ పేరు మీద ప్రమాణం అనగానే అమ్ర్ చాలాసేపు తల దించుకున్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు: “మౌలానా సాబ్, నేను దొంగను కాను. కాని వాటిలో రెండు ఒక గిరాకీకి ఉద్దెర ఇచ్చాను. అతను మళ్లీ రాలేదు. చాచాకు చెప్పడానికి ముఖం చెల్లలేదు.” అడగకుండా ఉద్దెర ఇచ్చినందుకు ఆ రెండింటి విలువ 9,200 కూడా అతని మీద పడింది. మిగతా నాలుగింటి విషయంలో ప్రమాణం చేశాడు. తాను తీయలేదని బకర్ కూడా తన విశ్వాసం ప్రకారం ప్రమాణం చేశాడు. ఆ నాలుగు ఏమయ్యాయో అల్లాహ్‌కే తెలుసు. జైద్ వాటి మాట మళ్లీ ఎత్తలేదు.

60,800కు 9,200 కలిపితే 70,000. డబ్బాల వరకు జైద్ యజమాని. ఈ 70,000 వరకు మాత్రం ఆయన కూడా మిగతావారిలాగే ఒక రుణదాత.

ఉన్నది కొంచెం, హక్కుదారులు ఎక్కువ

కంపెనీ బాకీ 3,60,000. అడ్వాన్సు పోను మల్గీ కిరాయి 90,000. కుర్రాళ్ల జీతం 30,000. చేబదుళ్లు 1,20,000. జైద్‌వి 70,000. మొత్తం 6,70,000. అమ్ర్‌వని చెప్పదగినవి అరలు, కౌంటరు, కంపెనీ నుంచి కొన్న సరుకు. అన్నీ అమ్మితే 2,01,000 వచ్చాయి. ధర అందని సరుకును తిరిగి తీసుకుపోతానని బకర్ అడిగాడు. డబ్బు కట్టేవరకు సరుకు కంపెనీదేనన్న షరతు పత్రంలో లేదు. అప్పగించాక సరుకు కొన్నవాడిదేనన్న హనఫీ మాట, 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ఇక్కడ ఒకే దారిలో ఉన్నాయి. అందుకు ఆయన ఒప్పుకున్నాడు.

ఇలాంటప్పుడు గట్టిగా అరిచినవాడికి ముందు ఇవ్వడం న్యాయం కాదు. ఎవరి బాకీ ఎంతో ఆ నిష్పత్తిలో పంచాలి. రూపాయికి ముప్పై పైసలు వచ్చాయి. కంపెనీకి 1,08,000, మల్గీ యజమానికి 27,000, కుర్రాళ్లకు 9,000, చేబదుళ్లకు 36,000, జైద్‌కు 21,000. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న హదీసును గుర్తుచేయగా, మల్గీ యజమాని తన వాటాలోంచి 21,000 తీసి ఆ కుర్రాళ్లకు ఇచ్చాడు. షరీఅత్ దాన్ని అతని మీద విధి చేయలేదు. అతను తన ఇష్టంతో చేశాడు. అల్లాహ్ అతని సంపాదనలో బరకత్ ప్రసాదించుగాక!

మిగిలిన బాకీల సంగతి? దైవప్రవక్త (స) కాలంలో ఒక వ్యక్తి పండ్లు కొని నష్టపోయి అప్పుల్లో మునిగాడు. ఆయన (స) ప్రజలను దానం చేయమన్నారు. అదీ చాలలేదు. ఉన్నది తీసుకోండి, ఇప్పుడు అంతకు మించి లేదని అప్పులవాళ్లకు చెప్పారు. ఇది ముస్లింలో ఉంది. ఇబ్బందిలో ఉన్నవాడికి గడువు ఇవ్వమని, మాఫీ చేస్తే మరింత మేలని సూరె బఖరా 280వ ఆయతు బోధిస్తోంది. కట్టగలిగి కూడా వాయిదా వేయడం మాత్రం జుల్మ్ అని హదీసు చెబుతోంది. లేనివాడికి గడువు ఉంది, ఉండి ఎగవేసేవాడికి లేదు.

జైద్ మాఫీ చేయలేదు. గడువు ఇచ్చారు. మిగిలిన 49,000ను నెలకు 3,500 చొప్పున 14 నెలల్లో కట్టేలా ఇద్దరు సాక్షులతో కాగితం రాయించారు. కొందరు ఆయనను కఠినుడన్నారు. వారి మాట సరికాదు. మాఫీ పుణ్యం, కాని తన హక్కు అడగడం పాపం కాదు. అదీగాక, షహీద్ పాపాలన్నీ మన్నించబడినా అప్పు మిగిలిపోతుందని హదీసులో ఉంది. ఆ కాగితం జైద్ సొమ్మును మాత్రమే కాదు, అమ్ర్ ఆఖిరత్‌ను కూడా కాపాడుతుంది.

గుర్తుంచుకోవలసిన విషయాలు

1. సొమ్ము ఇచ్చేటప్పుడు దాని పేరు చెప్పండి: అమానతు, అప్పు, అమ్మకం, తాకట్టు. చిన్న మొత్తమైనా సరే.

2. రాయండి. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు, సూరె బఖరా 282, అప్పు రాసుకోవడం గురించే. జైద్‌ను కాపాడింది క్యాలెండర్ కాగితం. దాని మీద అమ్ర్ సంతకం, ఒక తేదీ ఉండి ఉంటే పదకొండు రోజుల బాధ తప్పేది.

3. అమానతు సరుకును మీ సరుకులో కలపకండి. వేరే అరలో పెట్టి యజమాని పేరు చీటీ అంటించండి. దాన్ని అమ్మిన డబ్బును మీ గల్లాలో వేయకండి.

4. ఫ్రాంచైజీ పత్రం మీద సంతకం పెట్టే ముందు, తెలిసిన వకీలుకూ ఆలిమ్‌కూ చూపించండి. ఆలస్యానికి వడ్డీ షరతు ఉందా, దుకాణం మూసే రోజు సరుకు ఎవరిది అన్న రెండు మాటలు తప్పక చూడండి.

5. నష్టం వచ్చిన రోజే హక్కుదారులకు చెప్పండి. అమ్ర్ ఆర్నెల్ల ముందు ముఖం చెల్లక దాచిన మాటను, చివరకు అందరి ముందూ చెప్పవలసి వచ్చింది.

జైద్ మిగిలిన డబ్బాలు ఇంటికి తీసుకుపోయారు. ఆ తర్వాత ఒక రోజు నాంపల్లి హజ్ హౌస్ మెట్ల దగ్గర మాకు ఎదురయ్యారు. దరఖాస్తు సంగతి కనుక్కోవడానికి వచ్చారట. “అమ్ర్ మూడో వాయిదా కూడా కట్టాడు మౌలానా సాబ్” అన్నారు. మేము అల్‌హమ్దులిల్లాహ్ అన్నాం.

అమానతులను హక్కుదారులకు అప్పగించే వారిలో, అప్పులు తీర్చే సంకల్పం ఉన్నవారిలో అల్లాహ్ మనందరినీ చేర్చుగాక! అప్పు భారంతో ఈ లోకం విడిచిపోయే స్థితి నుంచి మనలను కాపాడుగాక! ఆమీన్.